పెర్తెస్ తుంటితో పెద్దయ్యాక

వ్యాధి పోతుంది, ఆకారం మిగులుతుంది

పెర్తెస్ వ్యాధి పిల్లల తుంటి కీలుకు వచ్చే జబ్బు. తొడ ఎముక పైకొస గుండ్రని బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో ఇమిడి తిరుగుతుంది. ఆ బంతికి రక్తం తెచ్చే సన్నని నాళాల్లో ప్రవాహం ఆగినప్పుడు అక్కడి ఎముక చచ్చుబడుతుంది. ఎందుకు ఆగుతుందో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మొదలవుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. పది పదిహేను శాతం మందిలో రెండు తుంట్లకూ వస్తుంది.

1910లో అమెరికాలో ఆర్థర్ లెగ్, ఫ్రాన్సులో జాక్ కాల్వే, జర్మనీలో గియోర్గ్ పెర్తెస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ వ్యాధిని వర్ణించారు. అంతకు ముందు ఇలాంటి పిల్లలను తుంటి క్షయ రోగులుగానే లెక్కవేసేవారు. మన దేశంలో మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ బెంజమిన్ జోసెఫ్ బృందం దీనిని దశాబ్దాల పాటు పరిశీలించింది. దక్షిణాదిలో మిగతా ప్రాంతాల కంటే పడమటి తీర మైదానంలో ఈ వ్యాధి ఎక్కువని వారి పరిశోధనల్లో తేలింది.

పెర్తెస్ వ్యాధి దానంతట అదే నయమవుతుంది. చచ్చుబడిన ఎముక ముందు ముక్కలుగా విడిపోతుంది. శరీరం దాన్ని తొలగించుకుంటూ ఆ చోట కొత్త ఎముకను కడుతుంది. ఇదంతా పూర్తయ్యేసరికి రెండు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆ కాలంలో బంతి మెత్తగా ఉంటుంది కాబట్టి ఒత్తిడికి నొక్కుకుపోవచ్చు. పిండికట్లు, బ్రేసులు, ఎముకను కోసి దిశ మార్చే ఆపరేషన్లు, ఆటల మీద ఆంక్షలు అన్నింటి ఉద్దేశం ఒకటే: మెత్తగా ఉన్న బంతిని గిన్నెలోపలే ఉంచి, గుండ్రంగా గట్టిపడేలా చూడటం. ఆరేళ్లలోపు వచ్చినవారిలో ఇది చాలావరకు నెరవేరుతుంది. ఎనిమిదేళ్లు దాటాక వచ్చినవారికి ఎముక సర్దుకోవడానికి మిగిలిన ఎదుగుదల కాలం తక్కువ.

పెద్దయ్యాక తుంటితో వచ్చే ఇబ్బందిని అర్థం చేసుకోవడానికి ఇదే ఆధారం. పాతికేళ్ల మనిషి తుంటిలో పెర్తెస్ వ్యాధి ఉండదు, అది వదిలి వెళ్లిన ఆకారం ఉంటుంది. పెరిగేది వ్యాధి కాదు, ఆ ఆకారం వల్ల కీలులో జరిగే అరుగుదల. వ్యాధిని ఆపడం ఎవరి చేతిలోనూ లేకపోయినా, అరుగుదల వేగం చాలావరకు మనిషి చేతిలో ఉంటుంది.

ఆకారాన్ని బట్టి భవిష్యత్తు

1981లో స్టుల్‌బర్గ్, ఆయన సహచరులు ఎదుగుదల ముగిసిన తుంట్లను ఐదు తరగతులుగా విభజించారు. వైద్యులు నేటికీ ఆ కొలతనే వాడుతున్నారు. మొదటి రెండు తరగతుల్లో బంతి గుండ్రంగా ఉంటుంది. వీరిలో చాలామందికి కీళ్లవాతం ముప్పు పెద్దగా ఉండదు. మూడు, నాలుగు తరగతుల్లో బంతి కోలగానో చదునుగానో మారినా, గిన్నె కూడా దానికి తగ్గట్టే మారి ఉంటుంది. వీరికి అరుగుదల వస్తుంది గాని నడివయసు దాటాక, నెమ్మదిగా వస్తుంది. ఐదో తరగతిలో బంతి చదునుగా, గిన్నె గుండ్రంగా ఉండి రెండూ పొసగవు. వీరికి యాభై ఏళ్లలోపే కీలు బాగా అరిగిపోవచ్చు.

ఎదుగుదల ఆగిన వయసులో, అంటే పదహారు పద్దెనిమిదేళ్లప్పుడు, కటి భాగానికి ఒక ఎక్స్‌రే తీయించి తన తుంటి ఏ తరగతిలోకి వస్తుందో ఎముకల డాక్టరును అడిగి తెలుసుకోవాలి. చిన్నప్పుడు వైద్యం చేయించింది తల్లిదండ్రులు. ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది, జ్ఞాపకమూ వాళ్లదే. పెద్దయిన బిడ్డకు ఆ వివరాలు పూర్తిగా అప్పజెప్పడం తల్లిదండ్రుల పని, అడిగి తీసుకోవడం బిడ్డ పని. ఏ వయసులో వచ్చింది, ఏ కాలు, ఏ ఆపరేషన్ జరిగింది, ప్లేటు, స్క్రూలు తీసేశారా లేదా, కాళ్ల పొడవులో తేడా ఎంత అన్న ఐదు విషయాలు ఒక కాగితం మీద రాసి, పాత ఎక్స్‌రేలను ఫోనులో ఫొటోలుగా దాచుకోవాలి.

ఈ జాగ్రత్తకు మరో బలమైన కారణం ఉంది. మద్యం ఎక్కువగా తాగేవారికి, స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడినవారికి పెద్ద వయసులో తుంటి బంతికి రక్తం ఆగే జబ్బు వస్తుంది. కోవిడ్ తర్వాత దాన్ని ఏవీఎన్ అన్న పేరుతో చాలామంది వింటున్నారు. పెర్తెస్ తర్వాతి తుంటి ఎక్స్‌రేలో కొన్నిసార్లు దానిలాగే కనిపించవచ్చు. కొత్తగా మొదలైన ఏవీఎన్‌లో ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది. ఎప్పుడో నయమై గట్టిపడిన పెర్తెస్ తుంటికి దానితో పనిలేదు. ఇరవై ఏళ్ల కిందటి ఎక్స్‌రే పక్కన ఉంటే పొరపాటుకు అవకాశం తక్కువ.

శరీరం చెప్పే సంగతులు

తుంటి నొప్పి ఎక్కడ తెలుస్తుందో చాలామందికి తెలియదు. పిరుదు పక్కన చెయ్యి పెట్టి అక్కడే తుంటి అనుకుంటారు. కీలు నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది, తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగుతుంది. మోకాలే నొప్పి పెడుతున్నట్టు అనిపించి మోకాలికి స్కాన్లు తీయించుకుని, అందులో ఏమీ లేదని తిరిగి వచ్చేవారున్నారు. నడుము దగ్గరా ఇదే జరుగుతుంది. చిన్నప్పుడు పెర్తెస్ ఉన్న మనిషి మోకాలి నొప్పితో గాని నడుము నొప్పితో గాని వెళ్లినప్పుడు మొదటి మాటగా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

రెండోది బిగుతు. కాలును పక్కకు చాపడం, లోపలికి తిప్పడం ముందుగా తగ్గుతాయి. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఒక మోకాలు నేలకు దిగదు. గొంతుక్కూర్చుంటే మడమ లేస్తుంది లేదా కాలు బయటికి తిరుగుతుంది. ఈ బిగుతు రెండు రకాలు. కండరం పట్టేయడం వల్ల వచ్చింది సాగదీతతో తగ్గుతుంది. బంతి పుట్టగొడుగులా వెడల్పై గిన్నె అంచుకు తగలడం వల్ల వచ్చింది ఎంత లాగినా తగ్గదు. పైగా అంచున ఉండే మెత్తని పట్టీ నలిగి చిరుగుతుంది. సాగదీసేటప్పుడు తొడ వెనక లాగినట్టు ఉంటే సాధన కొనసాగించవచ్చు. గజ్జలో గుచ్చినట్టు గాని అడ్డం పడినట్టు గాని ఉంటే అక్కడితో ఆపాలి. పద్మాసనం, మలాసనం, బద్ధకోణాసనం నేర్పేటప్పుడు మోకాళ్ల మీద చేతులు వేసి నొక్కే గురువులకు ఈ సంగతి ముందే చెప్పడం అవసరం.

మూడోది నడక. పెర్తెస్‌లో తొడ ఎముక మెడ పొట్టిగా మిగలడం, దాని పక్కనున్న ఎముక బుడిపె పైకి లేవడం మామూలు. పిరుదు పక్క కండరం ఆ బుడిపెకే అతుక్కుని ఉంటుంది. బుడిపె పైకి జరిగితే కండరం వదులై పట్టు తగ్గుతుంది. ఆ కాలి మీద నిలబడ్డప్పుడు కటి రెండోవైపు ఒరుగుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి మనిషి నొప్పి ఉన్న వైపుకు వాలుతాడు. పొద్దున బాగా నడిచి సాయంత్రానికి కుంటడానికి కారణం ఈ కండరం అలసటే.

కీలు మీద పడే బరువు

నడిచేటప్పుడు తుంటి మీద పడేది శరీరం బరువు ఒక్కటే కాదు. ఒంటికాలి మీద కటిని నిలబెట్టడానికి కండరం లాగే బలం కూడా దానికి తోడవుతుంది. జర్మనీలో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటిలో కొలమాన పరికరాలు అమర్చి ఆ ఒత్తిడిని నేరుగా కొలిచింది. మామూలు నడకలో కీలు మీద శరీరం బరువుకు సుమారు రెండున్నర రెట్లు పడుతుంది. మెట్లు దిగేటప్పుడు కాస్త ఎక్కువ. కాలు తట్టుకుని తూలి నిలదొక్కుకునే క్షణంలో అది ఎనిమిది రెట్ల దాకా వెళ్లింది.

అరవై కిలోల మనిషి నడుస్తుంటే తుంటి నూట యాభై కిలోలు మోస్తున్నట్టు. నాలుగు కిలోలు తగ్గితే ప్రతి అడుగుకూ పది కిలోల భారం తగ్గుతుంది. నొప్పి వల్ల కదలిక తగ్గి, కదలక బరువు పెరిగి, బరువు వల్ల నొప్పి మరింత పెరిగే చక్రంలో చాలామంది చిక్కుకుంటారు. వ్యాయామంతోనే బరువు తగ్గాలనుకుంటే ఈ చక్రం తెగదు. అన్నం పరిమాణం, నూనె వేపుళ్లు, టీలో చక్కెర, రాత్రి ఆలస్యపు భోజనం దగ్గర మొదలుపెట్టడం నయం.

చేతికర్ర ఇదే లెక్కతో పనిచేస్తుంది. కర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడు పిరుదు కండరం చేయాల్సిన పని తగ్గి, కీలు మీద భారం బాగా తగ్గుతుంది. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. అడుగున రబ్బరు బిళ్ల అరిగితే మార్చాలి. అమెరికా ఎముకల వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లోనే కర్రను దూరం చేసుకోవద్దని వైద్యులకు, రోగులకు వ్యాసరూపంలో విన్నవించాడు. ముప్పై ఏళ్లకే కర్రేమిటని సిగ్గుపడి మానేసేవారు ఎక్కువ. రోజంతా పట్టుకోనక్కర్లేదు. పెళ్లికో సంతకో ఊరికో వెళ్లిన రోజున, నొప్పి రేగిన వారంలో పట్టుకున్నా కీలుకు మేలే.

ఇంట్లో చేయాల్సిన మార్పులు

మన ఇళ్లలో బతుకు చాలావరకు నేల మీదే గడుస్తుంది. భోజనం, కూరలు తరగడం, పూజ, దొడ్డి అన్నీ తుంటిని పూర్తిగా మడిచే పనులు. పెర్తెస్ తుంటికి మొదట కష్టమయ్యేవీ ఇవే. తుంటి కంటే మోకాళ్లు పైకి రాకుండా కూర్చోవడం అన్ని మార్పులకూ మూలసూత్రం.

మరుగుదొడ్డిలో కమోడ్ ఉండటం మొదటి అవసరం. కట్టించే స్థోమత లేకపోయినా, అద్దె ఇంట్లో వీలు కాకపోయినా, నేల దొడ్డి మీద పెట్టుకునే రంధ్రం ఉన్న కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పక్క గోడకు ఒక కడ్డీ బిగిస్తే లేవడం సులువు. మంచం మోకాలి ఎత్తుకు ఉండాలి. నేల మీద పరుపు, బాగా కుంగిన నులక మంచం, లోతైన సోఫా తుంటికి పనికిరావు. వంటగదిలో కత్తిపీట ముందు కూర్చునే బదులు గట్టు మీద కత్తితో తరగడం, ఒక ఎత్తు స్టూలు దగ్గర పెట్టుకోవడం మేలు. తడి నేల, జారే గచ్చు, చాప అంచులు తూలడానికి కారణాలు. ఎనిమిది రెట్ల భారం పడేది అక్కడే కాబట్టి వాటిని ముందు సరిచేయాలి.

పెళ్లిపీటల మీద, సత్యనారాయణ వ్రతంలో గంటల తరబడి కింద కూర్చోవాల్సి వస్తుంది. ఎత్తు పీట వేయమని పురోహితుడిని ముందురోజే అడిగితే ఎవరూ కాదనరు. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు మూడున్నర వేల మెట్లు. తుంటి అరుగుదల మొదలైనవారు కాలినడక మొక్కును కొండపైకి బస్సులో వెళ్లి తీర్చుకోవడమే శ్రేయస్కరం. మెట్లు తప్పనిచోట ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. కర్ర ఎప్పుడూ నొప్పి కాలితో పాటు కదలాలి.

మోటారు సైకిల్ ఎక్కడానికి కాలు ఎత్తి అవతలికి వేయాలి. తుంటి బిగిసినవారికి కాలు అలా తిప్పక్కర్లేని స్కూటీ నయం. సైకిల్ తొక్కడం కీలుకు మంచి వ్యాయామమే గాని, సీటు ఎత్తుగా పెట్టుకోవాలి. తక్కువ ఎత్తు సీటు మీద మోకాలు పొట్టకు దగ్గరగా వచ్చి గజ్జలో నలుగుతుంది. కారులో సీటు వెనక్కి జరిపి, ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి.

కాలి పొడవు, చెప్పు ఎత్తు

పెర్తెస్ తర్వాత ఒక కాలు ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉండటం సాధారణం. ఎముక కోసి చేసిన ఆపరేషన్ వల్ల మరికొంత తగ్గవచ్చు. ఒక సెంటీమీటరు లోపు తేడాను నడుము సర్దుకుంటుంది. అంతకు మించితే నడుము, రెండో మోకాలు ఆ భారం మోస్తాయి. పొట్టి కాలి కింద వేర్వేరు మందాల చెక్కలు పెడుతూ, కటి రెండువైపులా సమంగా వచ్చేదాకా చూసి డాక్టరు తేడాను కొలుస్తారు. కొలిచినంతా ఒకేసారి ఎత్తు పెంచితే అలవాటు పడ్డ శరీరం తట్టుకోదు, కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక సెంటీమీటరు దాకా బూటు లోపల పెట్టుకునే మడమ ముక్కతో సరిపోతుంది. ఎక్కువైతే చెప్పు అడుగుభాగానికే ఎత్తు వేయించాలి. మన వాళ్లు ఇంట్లో చెప్పులు వేసుకోరు. రోజులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడిపేవారికి బయటి చెప్పుకు ఎత్తు వేయించి ప్రయోజనం లేదు. ఇంటి వాడకానికి విడిగా ఒక జత అవసరం.

కండరాన్ని కాపాడే సాధన

అరిగిన ఎముకను వ్యాయామం మార్చలేదు. ఆ ఎముకను నిలబెట్టే కండరాన్ని మాత్రం పెంచగలదు. పెర్తెస్ తుంటికి అన్నిటికంటే ముఖ్యమైంది పిరుదు పక్క కండరం. బాగున్న వైపుకు తిరిగి పడుకుని, పై కాలును మోకాలు వంచకుండా, కాస్త వెనక్కి ఉంచి పైకెత్తి, మెల్లగా దించాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి నడుము పైకెత్తే సాధన పిరుదు వెనక కండరాన్ని బలపరుస్తుంది. మోకాలు నిటారుగా చాచి తొడ కండరాన్ని బిగించి వదలడం మూడోది. బోర్లా పడుకుని కొద్దిసేపు ఉండటం ముందుకు వంగిపోయే తుంటిని సరిచేస్తుంది. ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర పద్ధతి నేర్చుకుని, తర్వాత ఇంట్లో రోజూ చేయాలి. ఫలితం రెండు మూడు నెలలకు గాని తెలియదు.

ఈత, నీటిలో నడక, సమతలం మీద నడక, సైకిల్ మంచివి. దూకడం, తాడాట, కబడ్డీ, గట్టి రోడ్డు మీద పరుగు నొప్పి ఉన్న తుంటికి తగవు. గుండ్రంగా నయమైన తుంటి ఉన్న యువకుడికి ఇన్ని ఆంక్షలు అక్కర్లేదు. చిన్నప్పుడు ఆడొద్దన్న మాట జీవితాంతం వర్తిస్తుందని అనుకుని ఆటలకు దూరంగా ఉండిపోయేవారి కండరం చిక్కిపోతుంది. ఎంత చేయవచ్చో మర్నాటి ఉదయం చెబుతుంది. చేసిన పనివల్ల వచ్చిన నొప్పి రాత్రి నిద్రతో తగ్గిపోతే ఆ మోతాదు సరైనదే, మర్నాడు కూడా కుంటిస్తే అది ఎక్కువైనట్టు.

నొప్పి బిళ్లలు, సూదులు

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు ఈ జీవితంలో పెద్ద ప్రమాదం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి మింగితే కడుపులో పుండు, రక్తస్రావం, కిడ్నీల దెబ్బ, గుండె ముప్పు వస్తాయి. బీపీ, షుగర్ ఉన్నవారికి ఇది మరీ ఎక్కువ. నొప్పి రేగిన కొద్దిరోజులకు డాక్టరు రాసిన మేరకే వాడాలి. వారాల తరబడి కావాల్సి వస్తే అది మోతాదు పెంచాల్సిన సమయం కాదు, తుంటిని మళ్లీ పరీక్ష చేయించాల్సిన సమయం.

చీటీ లేని పొడులు, ఏముందో చెప్పని మాత్రలు, ఊళ్లో ఎవరో వేసే సూదులు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది. అదే స్టెరాయిడ్ ఎముకలను గుల్ల చేస్తుంది, బాగున్న రెండో తుంటికి ఏవీఎన్ తెచ్చిపెట్టగలదు. పొగతాగడం ఎముక మానడాన్ని ఆలస్యం చేస్తుంది. ముందు ముందు ఆపరేషన్ అవసరం కావచ్చని తెలిసినవారు ఆ అలవాటును ముందుగానే వదలాలి.

పెళ్లి, సంతానం, ఉద్యోగం

పెళ్లి సంబంధాల దగ్గర ముందు వచ్చే ప్రశ్న పిల్లలకు వస్తుందా అన్నది. పెర్తెస్ చాలా కుటుంబాల్లో ఒక్కరికే వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం అరుదు. ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు. ఉన్న సంగతి దాచి పెళ్లి చేయడం మాత్రం తప్పు. దాచినవారు కుంటకుండా నడవడానికి, నొప్పిని పైకి కనపడనీయకుండా ఉండటానికి రోజూ అవస్థ పడాలి. దాంపత్య జీవితంలో తుంటిని పక్కకు చాపడం కష్టమైనప్పుడు పక్కకు తిరిగి పడుకునే భంగిమలు సుఖంగా ఉంటాయి. ఈ సంగతి దంపతులు మాట్లాడుకోవాలి, డాక్టరును అడగడానికీ సంకోచించకూడదు.

పెర్తెస్ ఉన్నంత మాత్రాన కాన్పు సిజేరియన్ కానక్కర్లేదు. గర్భం మొదటి నెలల్లోనే ప్రసూతి వైద్యురాలికి చెప్పి, కాళ్లు ఎంత చాపగలదో చూపిస్తే కాన్పు సమయంలో భంగిమను దానికి తగ్గట్టు మార్చుకుంటారు. బరువు పెరిగే చివరి నెలల్లో కర్ర వాడటం మంచిది.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు తుంటి తరగతి గుర్తుండాలి. రోజంతా నిలబడే పని, బరువులు మోసే పని, వంగి నాట్లు వేసే పని ఐదో తరగతి తుంటిని త్వరగా అరగదీస్తాయి. వ్యవసాయం, కూలి తప్పనివారు కలుపు తీతకు చిన్న స్టూలు వాడటం, బరువును రెండు విడతలుగా మోయడం లాంటి మార్పులు చేసుకోవాలి. కుర్చీలో కూర్చునే ఉద్యోగంలోనూ గంటకోసారి లేచి నడవకపోతే తుంటి ముందుకు బిగిసిపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం గాని అంతకు మించి గాని ఉన్నవారికి విద్య, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్, ఇతర ప్రయోజనాలు వర్తిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో సదరం పేరుతో తెలిసిన వైద్య పరీక్ష, దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు దీనికి ఆధారాలు. కీలు కదలిక, కండర బలం, కాలి పొడవు తేడా కొలిచి శాతం నిర్ణయిస్తారు. బాగా నయమైన తుంటికి 40 శాతం రాదు. రాకపోవడం నొప్పి లేదనడానికి సాక్ష్యం కాదు, తీవ్రంగా ఉన్నవారు సంకోచంతో దరఖాస్తు మానుకోవడమూ సరికాదు.

మనసు మోసే బరువు

చిన్నతనంలో నెలల తరబడి పిండికట్టుతో మంచంలో ఉన్న పిల్లవాడు ఆ కాలాన్ని మరచిపోడు. బడిలో కుంటోడా అని పిలిచిన గొంతులు పెద్దయ్యాక కూడా వినిపిస్తాయి. కొందరు ఆ గాయం వల్ల నొప్పిని దాచుకోవడం నేర్చుకుంటారు, సాయం అడగరు, బస్సులో సీటు కోరరు. బయటికి కనిపించని నొప్పిని ఇంట్లోవాళ్లు బద్ధకంగా లెక్కకడితే ఆ బాధ రెట్టింపవుతుంది. ఎంతసేపు నిలబడగలరో, ఏ పని చేయగలరో, ఏది చేయలేరో ఇంట్లో స్పష్టంగా చెప్పడం ఫిర్యాదు కాదు, కలిసి బతకడానికి అవసరమైన సమాచారం. రాత్రుళ్లు నొప్పికి నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తుంటే తుంటికి చేయించినట్టే మనసుకూ వైద్యం చేయించాలి.

ఆపరేషన్ ఎప్పుడు

యువకుల్లో, అరుగుదల ఇంకా ముదరని తుంటిలో, సొంత కీలును నిలుపుకునే ఆపరేషన్లు ఉన్నాయి. గిన్నె అంచుకు తగిలే ఎముకను చెక్కడం, చిరిగిన పట్టీని కుట్టడం, పైకి లేచిన బుడిపెను కిందికి దించి కండరం పట్టును పెంచడం, గిన్నె దిశను మార్చడం వీటిలో కొన్ని. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో రైన్‌హోల్డ్ గాన్జ్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతుల వల్ల ఈ రంగం బాగా ముందుకు వచ్చింది. కీలులో ఎముకలను కప్పే మృదులాస్థి మిగిలి ఉన్నప్పుడే ఇవి పనిచేస్తాయి. అందుకే గజ్జలో నొప్పి మొదలైన తొలి ఏడాదిలోనే వీటిలో అనుభవమున్న సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి.

కీలు పూర్తిగా అరిగాక మిగిలేది తుంటి మార్పిడి. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1962లో రూపొందించిన కృత్రిమ కీలే నేటి వాటికి మూలం. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మార్చిన తుంట్లలో సుమారు 58 శాతం పాతికేళ్లు నిలిచాయి. ఇప్పటి ప్లాస్టిక్, సిరామిక్ భాగాలు అప్పటి వాటికంటే తక్కువ అరుగుతాయి. అయినా వయసు తక్కువైన కొద్దీ జీవితకాలంలో రెండోసారి మార్చాల్సిన అవకాశం ఎక్కువ. వీలైనంత ఆలస్యం చేయమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆ మాటకూ ఒక హద్దు ఉంది. బిళ్లలు వేసినా రాత్రి నిద్ర పట్టకపోతే, ఇంటి పని, సంపాదన, పిల్లల పెంపకం ఆగిపోతే వయసు నలభై అయినా ఆలస్యం చేయడంలో అర్థం లేదు. బతుకులో మంచి సంవత్సరాలను నొప్పికి వదిలేసి కృత్రిమ కీలును దాచుకోవడం లాభం కాదు.

పెర్తెస్ తుంటిని మార్చడం మామూలు వృద్ధుల తుంటి మార్పిడి కంటే క్లిష్టం. ఎముక మెడ పొట్టిగా, ఎముక లోపలి కాలువ వంకరగా ఉండవచ్చు. పాత ప్లేట్లు అడ్డురావచ్చు. కాలిని ఒకేసారి ఎక్కువ పొడవు చేస్తే నరం సాగి దెబ్బతినవచ్చు. ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, ఏ రకం కీలు వాడతారు, కాలి పొడవు ఎంత సరిచేస్తారు, తర్వాత కింద కూర్చోవచ్చా అన్న ప్రశ్నలు సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకూడదు. ఆపరేషన్‌కు ముందు షుగర్ అదుపు, పంటి చీము, చర్మపు పుండ్లకు వైద్యం, రక్తహీనత సరిచేయడం ముఖ్యం. ముందునుంచే పిరుదు కండరం బలంగా ఉన్నవారు త్వరగా లేచి నడుస్తారు.

వయసు వారీగా ఒక ప్రణాళిక

పద్దెనిమిదేళ్లకు: చివరి ఎక్స్‌రే, తరగతి నిర్ణయం, వైద్య వివరాల కాగితం, కాలి పొడవు కొలత. ఇరవైల్లో: కండర సాధన అలవాటు, తుంటికి సరిపడే ఉద్యోగం, బరువు అదుపు. నొప్పి లేకపోయినా కొన్నేళ్లకోసారి ఎక్స్‌రే. ముప్పైల్లో: గజ్జ నొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా పరీక్ష, కీలును నిలుపుకునే ఆపరేషన్ అవకాశం విచారించడం, ఇంట్లో కమోడ్, మంచం, చెప్పుల మార్పులు. నలభైలు, ఆపైన: కర్ర పట్ల బిడియం వదలడం, నొప్పి బిళ్లల లెక్క రాసుకోవడం, కీలు మార్పిడికి తగిన సర్జన్‌ను అత్యవసరం రాకముందే ఎంచుకోవడం.

కీలు హఠాత్తుగా పట్టేసి కదలకపోయినా, కాలు ఉన్నట్టుండి జారిపోతున్నా, విశ్రాంతిలో కూడా నొప్పి వదలకపోయినా, కొద్దివారాల్లో నడక బాగా దిగజారినా ఏ వయసులోనైనా డాక్టరును కలవాలి. జ్వరంతో పాటు తుంటి నొప్పి వస్తే, ముఖ్యంగా ఒంట్లో ప్లేటు గాని కృత్రిమ కీలు గాని ఉన్నవారు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.